హ్యామ్ గది: మూడు తీగల గొడవ

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే అన్నీ ఒకే మాట. రిగ్గుని (హ్యామ్‌లు, అంటే లైసెన్సుతో సరదాకి గాలిలో మాట్లాడుకునేవాళ్లు, వాడే రేడియో సెట్టుని) కంప్యూటరుకి కలిపాం, కలవలేదు. తెనాలిలో రేడియో రిపేరు కొట్టు నడిపిన రోజుల్లో నాకొక అలవాటు ఉండేది. సెట్టు మోగలేదని ఎవరైనా తెస్తే, ఏం చెడిందని అడగను. ఏది బాగుందో ముందు చూస్తాను. ఈసారి జవాబులన్నీ ఆ అలవాటు ప్రకారమే.

ప్రశ్న: నరసరావుపేటలో లెక్కల టీచర్ని. పోయిన ఏడాది లైసెన్సు వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో యాయెసు ఎఫ్‌టీ-857డీ రిగ్గు కొని, ఎఫ్‌టీ8 (కంప్యూటరు కూతలతో చిన్న సందేశాలు పంపే పద్ధతి) చేద్దామని ఆన్‌లైన్‌లో రెడీమేడ్ కేబుల్ తెప్పించాను. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో జపాన్, ఇండోనేషియా, రష్యా స్టేషన్లు బాగానే కనిపిస్తున్నాయి. నేను పిలిస్తే మాత్రం రిగ్గు మీద ఎర్ర లైటు వెలుగుతుంది, పవర్ మీటరు సున్నా దగ్గరే ఉంటుంది. కేబుల్‌లో మోసపోయానా?

కేబుల్‌ని అప్పుడే తిట్టకండి మాస్టారూ. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది.

రిగ్గుకీ కంప్యూటరుకీ మధ్య ఎన్ని పెట్టెలు, ఎన్ని డబ్బాలు పెట్టినా లోపల జరిగే పని మూడు తీగలది. రిగ్గు విన్నది కంప్యూటరుకి వెళ్లాలి, అదొకటి. కంప్యూటరు పాడింది రిగ్గుకి రావాలి, అది రెండోది. 'ఇక మాట్లాడు' అని రిగ్గుకి చెప్పే పీటీటీ మూడోది. ఫ్రీక్వెన్సీ మార్చే క్యాట్ తీగ కూడా ఉంటే సుఖం, లేకపోయినా బండి నడుస్తుంది. మీకు జపాన్ కనిపిస్తోందంటే మొదటి తీగ బాగుంది. ఎర్ర లైటు వెలుగుతోందంటే మూడోది బాగుంది. మిగిలింది రెండోదొక్కటే. అందులోనూ తీగని ఆఖరున అనుమానించండి.

ముందు ఒక పని చేయండి. సాఫ్ట్‌వేర్‌లో ట్యూన్ బటన్ నొక్కి, ఎర్ర లైటు వెలుగుతుండగా చేతి మైకు దగ్గర గట్టిగా ఈల వేయండి. మీటరు లేచిందా? లేస్తే దొంగ దొరికినట్టే. మీ రిగ్గు యూఎస్‌బీ మోడ్‌లో (ఇది కేబుల్ పేరు కాదు, కింద చెబుతాను) ఉంది, కంప్యూటరుని పక్కనపెట్టి మైకుని వింటోంది. 857 కుటుంబంలో (817, 897 కూడా అంతే) వెనకున్న డేటా సాకెట్‌లోంచి వచ్చే శబ్దాన్ని రిగ్గు పట్టించుకోవాలంటే మోడ్ డిగ్‌లో, అంటే డిజిటల్‌లో, ఉండాలి. మెనూలో డిగ్ మోడ్‌ని యూజర్-యూ అని పెట్టండి. కంప్యూటరులో కూడా రేడియో సెట్టింగుల్లో మోడ్ దగ్గర యూఎస్‌బీ కాకుండా డేటా/ప్యాకెట్ ఎంచుకోండి. లేకపోతే మీరు చేత్తో డిగ్‌లో పెట్టిన రిగ్గుని సాఫ్ట్‌వేర్ మళ్లీ యూఎస్‌బీలోకి లాగేస్తుంది. మీరు పెడుతుంటారు, అది తీస్తుంటుంది.

ఈ యూఎస్‌బీ అన్న మాట కొత్తవాళ్లని భలే తికమక పెడుతుంది. కంప్యూటరువాడికి అది కేబుల్, మనకి అప్పర్ సైడ్‌బ్యాండ్, శబ్దాన్ని గాలిలోకి పంపే ఒక పద్ధతి. 40 మీటర్ల బ్యాండ్‌లో మాటలకి లోయర్ సైడ్‌బ్యాండ్ వాడే అలవాటు కొద్దీ కొందరు ఎఫ్‌టీ8 కూడా అందులోనే పెట్టి, ఒక్క స్టేషనూ రాలేదని వాపోతారు. ఎఫ్‌టీ8 ఏ బ్యాండ్‌లోనైనా అప్పరే. 7.074 అయినా, 14.074 అయినా.

ఈల వేసినా మీటరు లేవకపోతే ల్యాప్‌టాప్ దగ్గర చెవి పెట్టండి. ట్యూన్ నొక్కగానే ల్యాప్‌టాప్ స్పీకరే కూత పెడుతోందా? అయితే పాట రిగ్గుకి వెళ్లడం లేదు, గదిలోనే పాడుతోంది. ఆడియో సెట్టింగుల్లో అవుట్‌పుట్ దగ్గర మీ కేబుల్‌లోని సౌండ్‌కార్డు పేరు ఎంచుకోవాలి. ఇన్‌పుట్ సరిగ్గా పెట్టి అవుట్‌పుట్ మర్చిపోవడం అందరూ చేసే పనే. విండోస్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఒకసారి చూసుకోండి, అది తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంటుంది.

పవర్ వచ్చిందనుకోండి, అసలు తప్పు అక్కడ మొదలవుతుంది. ఆ సంబరంలో అందరూ వాల్యూమ్ పెంచుతారు. నేనూ పెంచాను. 2018లో 20 మీటర్ల బ్యాండ్ మీద స్లైడర్ పైకంటా తోసి, 90 వాట్లు కొడుతూ, ఏఎల్‌సీ మీటరు (లోపలికొచ్చే శబ్దం ఎక్కువైతే రిగ్గు ఎంత అణుస్తోందో చూపేది) నిండుగా ఉంటే అదేదో ఘనకార్యమనుకున్నాను. మూడో రోజు కొచ్చి వైపు నుంచి ఒక పెద్దాయన మెయిల్ పెట్టారు. కింద ఆయన స్క్రీన్ ఫొటో. 600 హెర్ట్జ్ దగ్గర నేను, 1200 దగ్గర నేను, 1800 దగ్గర నేను. 'మీరు ముగ్గురన్నదమ్ములా?' అని అడిగారు, అంతే. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

జరిగిందేమిటంటే, 857 డేటా సాకెట్ 1200 బాడ్ (నెమ్మది డేటా) దారిలో కోరుకునే శబ్దం 40 మిల్లీవోల్టులు, పీక్ టు పీక్. సౌండ్‌కార్డు ఒక వోల్టు, ఆ పైన కూడా ఇవ్వగలదు. గ్లాసులో పోయాల్సినదాన్ని బిందెతో కుమ్మరించినట్టు. శబ్దం పొంగి వంకరపోతే రెట్టింపు, మూడింతల స్వరాలు పుడతాయి. అవి ఫిల్టర్ లోపలే ఉంటే అన్నీ గాలిలోకి పోతాయి. అందుకని పవర్ చూడకండి, ఏఎల్‌సీ చూడండి. స్లైడర్ కింద నుంచి మెల్లగా పైకి తెచ్చి, ఏఎల్‌సీ కదలబోయే ముందు ఆపండి. రిగ్గులో స్పీచ్ ప్రాసెసర్ ఆపేయండి. సాఫ్ట్‌వేర్‌లో స్ప్లిట్ దగ్గర 'ఫేక్ ఇట్' పెడితే స్వరాన్ని 1500, 2000 హెర్ట్జ్‌ల మధ్యే ఉంచి మిగతా తేడాని రిగ్గు ఫ్రీక్వెన్సీ జరిపి సర్దుతుంది. అప్పుడు దాని రెట్టింపు 3000 దగ్గరో ఆ పైనో పడి ఫిల్టర్‌లో ఆగిపోతుంది. నేను ఆ మెయిల్ వచ్చేదాకా ఆ గడి వైపు చూసిన పాపాన పోలేదు.

మీ 100 వాట్ల రిగ్గుని 30 దాటనివ్వకండి. మాట్లాడేటప్పుడు మాటకీ మాటకీ మధ్య రిగ్గుకి ఊపిరి ఉంటుంది. ఎఫ్‌టీ8లో 12.64 సెకన్లు ఏకబిగిన కూత, తర్వాత అవతలివాళ్ల వంతు, మళ్లీ కూత. ఫైనల్ ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోతే ఆ ఖర్చుతో ఇంకో సెకండ్‌హ్యాండ్ రిగ్గు వస్తుంది. మొదటి పరీక్షలన్నీ యాంటెన్నా తీసేసి డమ్మీ లోడ్ (పవర్‌ని గాలిలోకి పోనివ్వకుండా వేడిగా మింగే డబ్బా) మీద చేసుకోండి.

మరొకటి. కంప్యూటరు మిగతా మోతలన్నిటికీ ల్యాప్‌టాప్ స్పీకరుని డీఫాల్ట్‌గా ఉంచండి, రిగ్గు సౌండ్‌కార్డుని కాదు. మా అమ్మాయి పంపిన పుట్టినరోజు పాట ఒకటి సగం దాకా 14.074 మీద ప్రసారమైంది. అందులో నా ప్రమేయం తక్కువ, నిర్లక్ష్యం ఎక్కువ.

ప్రశ్న: ఖమ్మంలో బీటెక్ రెండో సంవత్సరం. మా అన్నయ్య రిగ్గు కూడా 857. ఇంటర్‌ఫేస్ కొనే డబ్బు లేదు, నేనే చేసుకోవచ్చా అంకుల్?

చేసుకోవాలి బాబూ. కొన్నవాడికి కేబులే మిగులుతుంది, చేసుకున్నవాడికి పని వస్తుంది.

ఒక చవక యూఎస్‌బీ సౌండ్‌కార్డు, రెండు 600:600 ఓమ్ ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక 4ఎన్25 గానీ పీసీ817 గానీ ఆప్టోకప్లర్ (కరెంటు కలపకుండా పీటీటీ నొక్కే చిప్పు), క్యాట్ కోసం ఒక యూఎస్‌బీ-టీటీఎల్ బోర్డు. హైదరాబాద్ వస్తే కోఠిలో గుజరాతీ గల్లీ తిరుగు, అన్నీ దొరుకుతాయి. ట్రాన్స్‌ఫార్మరు కోసం ముందు ఇంట్లో అటక చూడు. పాత డయలప్ మోడెమ్ ఉంటే అందులో ఒకటి ఉంటుంది. ఫోను లైనుకీ కంప్యూటరుకీ మధ్య అది చేసిన పనే మనకీ కావాలి. కరెంటు కలవకూడదు, శబ్దం దాటాలి. అది లేకుండా నేరుగా కలిపితే రెండు గ్రౌండ్లూ కలిసి గుయ్యిమని హమ్ వస్తుంది. కంప్యూటరు నుంచి రిగ్గుకి వెళ్లే దారిలో 10 కిలో ఓమ్ వరుసగా, 470 ఓమ్ గ్రౌండుకి పెట్టు. శబ్దం దాదాపు 22వ వంతుకి తగ్గుతుంది. పై మాస్టారికి చెప్పిన బిందె కథ నీకు రాకుండా ఉంటుంది.

డేటా సాకెట్ 6 పిన్నుల మినీ డిన్, అంటే పాత పీఎస్/2 మౌస్ ప్లగ్గే. 1 శబ్దం లోపలికి, 2 గ్రౌండు, 3 పీటీటీ, 5 శబ్దం బయటికి. 4 జోలికి పోకు, అది 9600 వేగంతో నడిచే ప్యాకెట్ డేటా కోసం. 6 స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు గోల ఆపేది). పాత మౌస్ తీగ కోసి వాడదామని అందరికీ తడుతుంది, నాకూ తట్టింది. తిరకాసు ఏమిటంటే చాలా మౌస్ తీగల్లో 4 పోగులే ఉంటాయి, మనకి కావలసిన 2వ పిన్నుకే పోగు ఉండదు. కాబట్టి కోసే ముందు మల్టీమీటరుతో బీప్ పెట్టి చూడు, లేదా 6 పోగులూ ఉన్న పీఎస్/2 ఎక్స్‌టెన్షన్ తీసుకో. ఇంకో మాట. పిన్ను బొమ్మ సాకెట్ ముందువైపు నుంచి గీసిందా, ప్లగ్గుకి టంకం పెట్టే వైపు నుంచా అని చూసుకో. అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అనుభవం మీద చెబుతున్నాను.

ఆడియో సంగతి తేలాక క్యాట్ చూద్దువు. అది వేరే సాకెట్, 8 పిన్నులది, టీటీఎల్ (చిప్పులు వాడే తక్కువ) వోల్టేజీ. పాత కంప్యూటర్ల ఆర్‌ఎస్-232 సీరియల్ తీగ నేరుగా దూర్చకు, దాని వోల్టేజీ రిగ్గుకి పడదు. మెనూలో క్యాట్/లీనియర్/ట్యూనర్ దగ్గర క్యాట్ పెట్టాలి, వేగం 4800 తో మొదలుపెట్టు, స్టాప్ బిట్లు 2. బోర్డు కొనేటప్పుడు సీపీ2102 గానీ ఎఫ్‌టీడీఐ గానీ అడుగు. నకిలీ పీఎల్2303 చిప్పులు విండోస్‌లో పసుపు త్రికోణం చూపించి ఏడిపిస్తాయి. విండోస్ మొదలైనప్పుడు రిగ్గు దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి పోతే భయపడకు. కంప్యూటరు ఆ పోర్టుని తడుముతోంది, అంతే. రిగ్గుని చివర్లో ఆన్ చెయ్యి.

మీ అన్నయ్య కొత్త రిగ్గు కొనే ఆలోచనలో ఉంటే ఒక హెచ్చరిక. ఐకామ్ ఐసీ-7300 లాంటివాటిలో సౌండ్‌కార్డు లోపలే ఉంటుంది, ఒక్క యూఎస్‌బీ కేబుల్ చాలు (డ్రైవర్ ముందు ఎక్కించి తర్వాతే కేబుల్ పెట్టాలి). ఎఫ్‌టీ-891 కి కూడా యూఎస్‌బీ సాకెట్ ఉంది కదా అని మోసపోవద్దు. అందులోంచి క్యాట్ మాత్రమే వస్తుంది, శబ్దం రాదు.

ప్రశ్న: అనకాపల్లి. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. 40 మీటర్ల బ్యాండ్ మీద 20 వాట్లు దాటగానే మౌస్ ఆగిపోతుంది, ట్రాన్స్‌మిట్ ఆగదు. రిగ్గు స్విచ్ కట్టేయాల్సి వస్తోంది. పైగా ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. రెండు కేబుళ్లు మార్చాను.

అమ్మా, అవి రెండు వేరు వేరు జబ్బులు. మూడో కేబుల్ కొనకండి.

జివ్వుమనడం రేడియో వల్ల కాదు. ల్యాప్‌టాప్ చార్జరు లోపల కరెంటు గోల వడగట్టే కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా రవ్వంత కరెంటు బాడీకి చేరుతుంది, అక్కడినుంచి ఎర్త్‌లోకి పోవాలి. ఇంట్లో ఎర్త్ లేకపోతే అది మీ వేలి గుండా దారి వెతుక్కుంటుంది. చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపండి, జివ్వుమనడం పోతుంది. పోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించుకోండి. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన మూడో పిన్నుకి తీగ ఉందనుకోకూడదు. ఎర్త్ గుంత ఉన్నా ఎండాకాలం ఎండిపోతుంది, నాలుగు బిందెల నీళ్లు పోయించండి. ఇది ముందు చేయండి, రేడియో తర్వాత.

మౌస్ ఆగడం మాత్రం యాంటెన్నా నుంచి వెనక్కొచ్చిన ఆర్‌ఎఫ్, అంటే రేడియో కరెంటు. నమ్మకం కుదరకపోతే యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ పెట్టి అంతే పవర్ ఇవ్వండి. మౌస్ తిరుగుతుంటే గదిలో తీగల తప్పు లేదు. మీరు వాడేది ఎండ్-ఫెడ్ తీగ (ఒక కొస నుంచి పవర్ ఇచ్చే యాంటెన్నా) అని వెనకపేజీలో రాశారు, కిటికీ దగ్గరే మొదలవుతోందన్నారు. ఆ యాంటెన్నాకి కోయాక్స్ (రిగ్గు నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్) పై తొడుగు కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది, దాని వెంటే మీ బల్ల మీదికి వస్తుంది. యాంటెన్నా మొదట్లో 31 రకం ఫెరైట్ (ఆర్‌ఎఫ్‌ని అడ్డుకునే పదార్థం) రింగు, పెద్దది, తీసుకుని కోయాక్స్‌ని 10, 12 చుట్లు చుట్టండి. యూఎస్‌బీ కేబుల్ పొట్టిది పెట్టి, ల్యాప్‌టాప్ వైపు చివర క్లిప్ ఫెరైట్ తగిలించండి, వీలైతే అందులోంచి రెండు మూడు చుట్లు తిప్పండి. ఒక్క చుట్టుకి పెద్దగా ఫలితం ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో వాచ్‌డాగ్ టైమర్ (కాసేపటికి ట్రాన్స్‌మిట్ దానంతటదే ఆపేది) తగ్గించి పెట్టుకున్నా, కంప్యూటరే బిగుసుకుపోతే అది కూడా బిగుసుకుపోతుంది. కాబట్టి స్విచ్ చేతికందేలా ఉంచండి.

ప్రశ్న: కడప. తెర మీద వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లు గీతలుగా పడే బొమ్మ) గీతలు బోలెడు, పక్కన ఒక్క కాల్‌సైనూ (స్టేషను గుర్తింపు పేరు) రాదు. నిన్నటిదాకా వచ్చింది.

గడియారం. ఎఫ్‌టీ8లో ప్రపంచమంతా నిమిషంలో 0, 15, 30, 45 సెకన్లకి గొంతెత్తుతుంది. మీ కంప్యూటరు రెండు మూడు సెకన్లు అటూ ఇటూ అయితే మొదటి మాటలు కోసుకుపోయి ఏమీ అర్థం కాదు. నిన్నటిదాకా వచ్చి ఇవాళ రాలేదంటే పాత ల్యాప్‌టాప్ అయ్యుంటుంది, లోపలి సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఫోను హాట్‌స్పాట్ పెట్టి టైము సింక్ చేయండి. స్టేషన్లు రావడం మొదలయ్యాక డీటీ (సెకన్లలో టైము తేడా) అన్న వరస చూడండి. అందరిదీ 0.1, 0.2 ఉంటే మీరు బాగున్నారు. అందరిదీ 1.2 ఉంటే తేడా వాళ్లలో కాదు, మీలోనే.

ఒక చిత్రం. మన టైము జోన్ తప్పు పెట్టి అరగంట తేడా వచ్చినా స్టేషన్లు నిక్షేపంగా వస్తాయి, అరగంటలో 15 సెకన్లు లెక్కగా పడతాయి కనుక. లాగ్ బుక్కులో యూటీసీ (ప్రపంచ టైము) మాత్రం తప్పు పడుతుంది, తర్వాత ఎవరి కన్‌ఫర్మేషనూ జోడీ కుదరదు. నాకు తెలిసిన ఒకాయన మూడు నెలల లాగ్ కూర్చుని దిద్దుకున్నాడు.

ప్రశ్న: రాజమండ్రి. నలభై ఏళ్లుగా మోర్స్ కొడుతున్నాను. కంప్యూటరూ కంప్యూటరూ మాట్లాడుకుంటే మధ్యలో హ్యామ్ చేసేదేమిటయ్యా?

మీ కోపంలో సగం న్యాయముందండీ. ఎఫ్‌టీ8 సందేశం మొత్తం 77 బిట్లు. మామూలుగా కాల్‌సైన్, గ్రిడ్ (మనం ఎక్కడున్నామో చెప్పే కోడు), సిగ్నల్ రిపోర్టు, 73 (శుభాకాంక్షలు), అక్కడితో సరి. ఊళ్లో వానపడిందా అని తీరిగ్గా అడగడానికి చోటు లేదు.

రెండో సగం ఇది. దాన్ని 2017లో స్టీవ్ ఫ్రాంకెతో కలిసి తయారు చేసిన జో టేలర్, జంట పల్సర్ కనుక్కున్నందుకు రస్సెల్ హల్స్‌తో కలిసి 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న మనిషి. నక్షత్రాల సన్నటి కూతని గోలలోంచి ఏరిన చేత్తోనే, చెవికి వినపడని సిగ్నల్‌ని మనకి ఏరిపెట్టాడు. అపార్టుమెంటు బాల్కనీలో ఆరు గజాల తీగ తప్ప గతిలేని కుర్రాడికి అదే ఆకాశం. మీ తోటలో 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ యాంటెన్నా ఉంది, మీరు మాట్లాడచ్చు.

టైపు చేసి కబుర్లాడాలని ఉంటే అవే మూడు తీగల మీద పీఎస్‌కే31 చేయండి. ఇంగ్లండులో పీటర్ మార్టినెజ్ చేసింది. సెకనుకి 31.25 బిట్లు, మనిషి టైపు చేసే వేగమే. ఎఫ్‌ఎల్‌డిజి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, గడియారం గొడవ లేదు. ఒకప్పుడు విశాఖ మిత్రుడూ నేనూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ రాత్రి పదకొండు దాకా కూర్చునేవాళ్లం. ఇప్పుడు అక్కడ జనం పల్చబడ్డారు. మీరొస్తే నేనొస్తాను.

ప్రశ్న: కోదాడ. నా గ్రిడ్ ఎమ్‌కే అని ఒకరు, ఎన్‌కే అని ఒకరు అంటున్నారు. ఏది పెట్టాలి?

మీ ఊరు సరిహద్దు మీద కూర్చుంది. 80 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఎమ్ పోయి ఎన్ వస్తుంది. హైదరాబాద్ నుంచి బెజవాడ వెళ్తూ సూర్యాపేటలో ఉన్నంతసేపూ ఎమ్‌కే97, జగ్గయ్యపేట చేరేసరికి ఎన్‌కే06. ఆ గీత మీ ఊరు దాటాక పడుతుంది, కాబట్టి మొదటి రెండక్షరాలూ ఎమ్‌కే. చివరి అంకె దగ్గర ఇంకో చిక్కుంది. 17 డిగ్రీల అక్షాంశం కూడా మీ ఊరి దగ్గరే పోతోంది. దానికి ఉత్తరాన ఉంటే 97, దక్షిణాన ఉంటే 96. ఫోనులో జీపీఎస్ తెరిచి, మేడ మీద యాంటెన్నా పక్కన నిలబడి చూసి పెట్టండి.